పక్కింటి పాట మీద ప్రాజెక్ట్

పోయిన వారం మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో, ఈమధ్యే జాయిన్ అయిన ఒక మేడం ఒక ఫైల్ పెట్టింది. తొమ్మిదో తరగతికి ప్రాజెక్ట్, "వివిధ సంగీత శైలులు". కర్నాటక, హిందుస్తానీ, జానపదం, రాక్, జాజ్, పాప్, రాప్ ఇట్లా మొత్తం పన్నెండు పేర్లు, ఒక్కో గ్రూపుకి ఒకటి, ఒక్కోదానికి పుట్టుక, వాయిద్యాలు, ప్రముఖులు, బొమ్మలు, ఎఫ్ఏలో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కుల్లో, ఐదు మార్కులు. కింద "మేడం, మీరు ఇలాంటివి చేయించారు కదా, ఏమైనా మార్చాలంటే చెప్పండి" అని నన్ను అడిగింది. రెండు లైన్లలో జవాబిద్దామని కూర్చుని నాలుగుసార్లు టైప్ చేసి నాలుగుసార్లు చెరిపేశాను. రెండు లైన్లలో అయ్యేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను తెలుగు చెప్తాను, సంగీతం టీచర్ని కాదు. సిద్దిపేట జిల్లాలో ఒక ఊరి హైస్కూల్, కొమురవెల్లి జాతర రోజుల్లో సగం క్లాసు మల్లన్న దగ్గరే ఉంటది. మా బడికి సంగీతం పోస్ట్ లేదు, కాబట్టి పాటకి సంబంధించినవన్నీ తెలుగు మేడం దగ్గరికే వస్తాయి, ఆగస్టు పదిహేను పాటలతో సహా.

ఆ పన్నెండు పేర్ల లిస్టు నేను కూడా ఇచ్చినదే, మూడేళ్లు వరసగా. ఏం జరుగుతుందో కళ్లకి కట్టినట్టు చెప్పగలను. గ్రూపులో ఒకడు మండలంలో ఇంటర్నెట్ సెంటర్‌కి పోతాడు, ఆయన "ఏ టాపిక్?" అని అడిగి ఆయనే వెతికి ఆయనే ప్రింట్ తీసి ఇస్తాడు, చేతిరాత బాగున్న అమ్మాయి దాన్ని చూసి చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాస్తుంది, ఇంకొకరు గిటారు బొమ్మ కత్తిరించి అంటిస్తారు. ప్రెజెంటేషన్ రోజు ఆ చార్టు పట్టుకుని నిలబడి చదువుతారు, మిగతా క్లాసు చప్పట్లు కొడుతుంది. మూడో ఏడు చివర్లో ఒక విషయం తట్టి చాలా బాధేసింది. పన్నెండు గ్రూపులు, రెండు పీరియడ్లు, సంగీతం మీద ప్రాజెక్ట్, ఆ రెండు పీరియడ్లలో ఒక్క పాట వినపడలేదు, ఒక్క దరువు వినపడలేదు.

పిల్లల్ని అనడానికి లేదు, మన పుస్తకాలే అట్లా ఉన్నాయి. దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర గురించి ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలోకి ఎక్కింది. బొమ్మ చూశారు, ప్రశ్నకి జవాబు రాశారు, కానీ వెదురు కర్రకి సొరబుర్రలు కట్టిన ఆ వాయిద్యం ఎట్లా మోగుతదో మా క్లాసులో ఎవరికీ తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. 2021లో ఆయన గొంతు సినిమా పాటలో వచ్చాక, 2022లో పద్మశ్రీ వచ్చాక, "మేడం మన పుస్తకంలో తాతే" అని పిల్లలు ఎగిరి గంతేశారు. పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథని ఊరూరా పాడుకుంటూ తిరిగిన మనిషిని మా పిల్లలు విన్నది సినిమా విన్పించాకనే. బడి విన్పించి ఉండాల్సింది.

నేను చేసిన తప్పు

మరి లిస్టు పక్కన పెట్టి ఏం చేయాలి? అప్పట్లో నాకు తట్టిన జవాబు చాలా గొప్పగా అనిపించింది. పిల్లల ఇళ్లలోనే సంగీతం ఉంది కదా, ఎవరింట్లో ఏముందో అదే రాసుకుని రమ్మందాం, వాళ్ల సంస్కృతి మీద వాళ్లకి గౌరవం పెరుగుతది అనుకున్నాను. క్లాసులో ఒక్కొక్కరినే లేపి అడిగాను. బతుకమ్మ పాటలు అన్నారు, మల్లన్న కథ అన్నారు, లంబాడీ పిల్ల తీజ్ పాటలంది. వెనక బెంచీలో ఒక అబ్బాయి ఏమీ చెప్పలేదు. నేనే నవ్వుతూ, క్లాసందరి ముందు, "అదేంట్రా, మీ తాత డప్పు మంచిగ కొడతడట కదా, ఊరంతా చెప్తరు" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. క్లాసులో ఎవరో చిన్నగా నవ్వారు. అంతే జరిగింది, బయటనుంచి చూస్తే ఏమీ జరగనట్టే.

మర్నాడు బడికి రాలేదు. మూడో రోజు వచ్చాడు, చార్టు తెచ్చాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, మధ్యలో బీథోవెన్ బొమ్మ, చుట్టూ పూల అంచు, అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మొత్తం క్లాసులో అంత శ్రద్ధగా చేసిన చార్టు ఇంకొకటి లేదు. నేను ఇంకా అర్థం చేసుకోక, సాయంత్రం వాళ్ల తాత దారిలో కనిపిస్తే ఆపి, మీ మనవడికి మీ విద్య గురించి చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన కండువా తీసి చేతిలో పట్టుకుని చెప్పిన మాట ఇది: "వద్దు మేడం. సావుకు కొట్టుడు, సాటింపు ఏసుడు మాతోనే పోవాలె. వాడు సదువుకోవాలె, వాన్ని గా దిక్కు మళ్లించకుండ్రి."

చాలా రోజులు నిద్ర పట్టలేదు. మన దగ్గర ఏ శైలి ఎవరిదీ అంటే చాలా మటుకు జవాబు కులమే. డప్పు అంటే మాదిగ వాడ, ఒగ్గు కథ అంటే కురుమలు, సన్నాయి అంటే మంగలోళ్లు, కిన్నెర అంటే డక్కలోళ్లు, నరం బిగించి వాయించే జమిడిక అంటే బైండ్లోళ్లు. "మీ ఇంట్లో ఏ సంగీతం ఉంది" అని క్లాసులో గట్టిగా అడగడమంటే "నీ కులమేంది, లేచి నిలబడి చెప్పు" అని అడగడమే. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆ సంగతి తెలుసు, పీజీ చదివిన నాకు తట్టలేదు. ఆ బీథోవెన్ చార్టుని నేను కాపీ కొట్టాడనుకున్నాను, కానీ వాడు తన చుట్టూ కంచె వేసుకున్నాడు. ఊరికి ఎంత దూరంగా వీలైతే అంత దూరం పోయి, ఎవరూ వేలెత్తి చూపలేని మనిషిని తెచ్చి నిలబెట్టుకున్నాడు.

డప్పు అంటే ఇప్పుడు ఆత్మగౌరవం కదా అని అంటారు. నిజమే. 1994లో ఎస్సీ వర్గీకరణ కోసం మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పుని ముందు పెట్టుకునే నడిచింది, తెలంగాణ ఉద్యమంలో ధూంధాం స్టేజీల మీద డప్పు లేకుండా ఒక్క రాత్రి గడవలేదు. కానీ అదే కాలంలో ఎన్నో ఊళ్లలో ఆ వాడల యువకులే చావుకి డప్పు కొట్టం అని తెగేసి చెప్పారు, అది కూడా ఆత్మగౌరవమే. స్టేజీ మీద తను ఎంచుకుని కొట్టే డప్పు వేరు, పిలిస్తే పోయి కొట్టక తప్పని డప్పు వేరు. పిల్లాడు ఈ రెండింట్లో దేని దగ్గర నిలబడ్డాడో టీచర్‌కి తెలియదు, తెలియనప్పుడు వాడి తరఫున నేను గర్వపడటానికి నాకేం హక్కుంది?

ఇంటిది కాదు, పక్కింటిది

తర్వాతి ఏడు పద్ధతి మార్చాను, అప్పట్నుంచి అదే నడుస్తోంది. మీ ఇంట్లో లేని సంగీతం, కానీ మన మండలంలో ఎక్కడో ఒకచోట వినపడే సంగీతం. ఇద్దరిద్దరు కలిసి ఒకటి ఎంచుకోవాలి. దాన్ని చెవులతో కనీసం మూడుసార్లు వినాలి, వాయించే మనిషినో పాడే మనిషినో కలవాలి, ఒక్క ప్రశ్నకి, ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు పట్టుకుని రావాలి. పుట్టుక, చరిత్ర, ప్రముఖులు అక్కర్లేదు. చార్టు కూడా అక్కర్లేదు. ప్రెజెంటేషన్‌లో మొదటి నిమిషం మాటలుండకూడదు, చప్పుడే ఉండాలి, ఫోన్లో రికార్డయినా సరే, బల్ల మీద వాయించినా సరే.

మొదటి ఏడు ఇద్దరమ్మాయిలు డప్పు తీసుకున్నారు. ఒకమ్మాయి వాళ్లది కిరాణా షాపు, ఇంకో అమ్మాయి నాయన డీలరు. వాళ్ల ఇళ్లలో డప్పు విన్నది శవయాత్ర పోతుంటే తలుపు దగ్గరికేయడం వరకే. వాళ్లు పట్టుకున్న ప్రశ్న, కొట్టే ముందు డప్పుని మంట దగ్గర ఎందుకు కాస్తారు అని. అందరం చూసిందే, ఎవరం అడగనిదే.

జూలై నెల, ముసురు పట్టి ఉంది. వాళ్లు పోయిన ఇంట్లో డప్పు గోడకి తగిలించి ఉందట, తీసి కొడితే మెత్తగా, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వచ్చిందట. ఆ పెద్దమనిషి ఎండు గడ్డి తెచ్చి మంట వేసి, డప్పుని మంటకి కాస్త పైన పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, మధ్య మధ్యలో వేలితో మీటి చూస్తూ కాశాడు. అమ్మాయిలు కాయకముందు ఒకసారి, కాసేటప్పుడు నాలుగుసార్లు, కాసినాక ఒకసారి, ఫోన్లో ఆరు రికార్డులు చేశారు. అవి క్లాసులో వరసగా వినిపించారు. మెత్తటి "దబ్బు దబ్బు" నుంచి ఒక్కో రికార్డుకీ గొంతు పైకి లేస్తూ, ఆరోదానికి "కణ్" మని కిటికీలు అదిరాయి. క్లాసంతా నిశ్శబ్దం. తోలు గాలిలో తేమ పీల్చుకుంటే సడలిపోతది, వేడికి బిగుసుకుంటది, బిగిస్తే స్వరం పెరుగుతది, ఇది వాళ్లు ఫిజికల్ సైన్స్ పాఠంతో కలిపి చెప్పారు, నేను చెప్పమనలేదు.

అసలు విషయం తర్వాత జరిగింది. కుడి చేతిలో లావు కర్రని చిటికెన పుల్ల అనీ, ఎడమ చేతిలో సన్నదాన్ని చిర్ర అనీ అమ్మాయి చెప్పేసరికి, వెనకనుంచి ఒక గొంతు, "ఉల్టా చెప్తున్నవ్. చిర్ర కుడి చేతిది, చిటికెన పుల్ల ఎడమ చేతిది." ఆ అబ్బాయిది డప్పు ఇల్లే. ఎవరూ అడగలేదు, ఎవరూ లేపి నిలబెట్టలేదు. ఆ అమ్మాయి "మరి నువ్వు చూపియ్యి" అంది. వాడు ముందుకొచ్చి రెండు స్కేళ్లు తీసుకుని అట్ట మీద దరువు చూపించాడు, పెండ్లి దరువు వేరు, సాటింపు దరువు వేరు అని చెప్పాడు, తోలుని చెక్క చట్రానికి చింతగింజల జిగురుతో అంటిస్తారని చెప్పాడు. పది నిమిషాలు వాడే టీచరు.

రెండు ఏళ్ల మధ్య తేడా అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. మొదటి అబ్బాయిని నేను తన ఇంటికి అంటగట్టాను. ఈ అబ్బాయికి మాత్రం తన ఇంటి విద్యని వేరేవాళ్లు కష్టపడి నేర్చుకుని, గౌరవంగా, తప్పులతో చెప్తుండటం కనబడింది. సరిదిద్దడం వాడి ఇష్టం, ఊరుకోవడం కూడా వాడి ఇష్టం. తెలిసినవాడి స్థానంలో కూర్చుని మాట్లాడటానికీ, నమూనాగా నిలబడి చూపించబడటానికీ చాలా దూరం ఉంది.

ఒక్క క్లాసు, ఒక్క పిల్లాడు, దీంతో సిద్ధాంతం కట్టేస్తావా అంటే, కట్టను. కానీ అట్లాంటి "ఉల్టా చెప్తున్నవ్"లు ప్రతి ఏడాదీ ఒకటో రెండో వినపడుతూనే ఉన్నాయి, పీర్ల పండుగ పాటల దగ్గరొకసారి, తీజ్ పాటల దగ్గరొకసారి.

చార్టు మధ్యలో ఎవరు

పాత చార్టుల్లో ఇంకో సంగతి గమనించాను. పైన పెద్ద అక్షరాలతో శాస్త్రీయం, కింద చిన్న అక్షరాలతో జానపదం, అన్నీ కలిపి ఒకే డబ్బాలో. ఒగ్గు కథా, బుర్రకథా, తప్పెటగుళ్లూ, గుస్సాడీ అన్నీ "జానపదం" అనే ఒక్క మాట కింద పడిపోతాయి. ఒగ్గు కథలో డోలు ఏం చేస్తదో, బుర్రకథలో గుమ్మెట ఏం చేస్తదో అడిగితే పిల్లలకి తేడా తెలియదు. జనగామ దగ్గర మాణిక్యాపురం ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు తామే కథ చెప్తూ, పాడుతూ, మరుక్షణం ఆడమనిషై ఏడుస్తూ, మళ్లీ కథకుడై నవ్విస్తూ పోయేవారు. షేక్ నాజర్ గారి బుర్రకథలో పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి, కథ ముగ్గురి మధ్య బంతిలాగా తిరుగుతుంది. ఈ రెంటినీ ఒకే డబ్బాలో వేయడమంటే కర్నాటకనీ ఖవ్వాలీనీ ఒకటే అనడం లాంటిది.

కర్నాటక సంగీతం మీద నాకేం కోపం లేదు, త్యాగయ్య కీర్తన వింటే నాకూ కళ్లు చెమరుస్తాయి. ఆ పై డబ్బా కూడా మనం అనుకున్నంత శుభ్రంగా గీసింది కాదు అని మాత్రం పిల్లలకి తెలియాలి. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగం గుడికి ఆస్థాన విద్వాంసులుగా ఉండేవారు, నాదస్వరానికి 1977లో పద్మశ్రీ వచ్చింది. ఒక ముస్లిం ఇంటి మనిషి రంగనాథుడి ముందు త్యాగరాజ కీర్తన ఊదాడని విన్న రోజు మా క్లాసులో పుట్టినన్ని ప్రశ్నలు ఏ చార్టూ పుట్టించలేదు. "మరి ఆయన్ని లోపలికి రానిచ్చిన్రా మేడం?" అనడిగింది ఒక పిల్ల. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, ఎట్లా తెలుసుకోవాలో వెతుకు అన్నాను.

రాక్, జాజ్, రాప్ వద్దనీ నేను అనను. ఒకడు ఎంత చెప్పినా రాపే చేస్తానన్నాడు, మన మండలంలో వినపడేదే ఉండాలి కదా అంటే "మా ఇంట్ల పొద్దుగాల లేస్తె గదే వినవడ్తది మేడం, మా అన్న ఫోన్ల" అన్నాడు. సరే అన్నాను. రాప్ ఎట్లా మొదలైందని వాడు పట్టుకొచ్చిన కథ ఇది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల పేటలో ఒకమ్మాయి, బడి తెరిచే లోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల్లేక, తాముండే బిల్డింగ్ కిందిగదిలో పార్టీ పెట్టింది, ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టికెట్. పాటలు వేసింది వాళ్లన్న, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, కూల్ హెర్క్. పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే చిన్న ముక్కని రెండు రికార్డుల మీద అటూ ఇటూ మార్చి మార్చి సాగదీశాడు, జనం దాని మీదే ఊగారు. మావాడు దాన్ని రెండు ఫోన్లతో చేసి చూపించాడు, ఒకే ముక్క, ఒకటి అయ్యేలోపు రెండోది. బడి బట్టల కోసం పార్టీ అనేసరికి, యూనిఫాం బట్ట కోసం ఎదురుచూసే మా పిల్లలకి ఆ బ్రాంక్స్ పక్క ఊరయిపోయింది. దూరం ఎంతుందన్నది కాదు, ఆ పాట పాడిన మనిషి ఎట్లా బతికాడని అడిగామా లేదా అన్నదే నాకు ముఖ్యం. లిస్టులో "రాప్ - పుట్టుక: అమెరికా" అని రాస్తే ఆ అమ్మాయి బట్టల సంగతి ఎక్కడ పడుతుంది?

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

స్టాఫ్ రూంలో నాకు ఎదురయ్యే మొదటి మాట, టైం ఎక్కడిది అని. ఐదు మార్కుల ప్రాజెక్ట్‌కి ఇంత అవసరమా, టెన్త్‌లో ఇది అడుగుతారా. దీనికి నేను పెద్దగా వాదించను, పన్నెండు చార్టులకి పట్టే రెండు పీరియడ్లే నాకూ పడుతున్నాయి, మిగతాదంతా పిల్లలు సాయంత్రాలు, ఆదివారాలు చేసుకునేదే.

రెండోది నన్ను నిజంగా తొలిచే ప్రశ్న. ఒక ఒగ్గు కళాకారుడి దగ్గరికి పిల్లలు పోతే ఆయన మంచిగానే కూర్చోబెట్టి, పాడేముందు అన్నాడట, "మస్తుమంది అస్తరు బిడ్డా, ఫోన్ల వట్టుకవోతరు, మల్ల కనవడరు." పిల్లలు వచ్చి నాకు చెప్తే ముఖం చెల్లలేదు. షాపాయన బిడ్డ డప్పు మీద మాట్లాడి ఐదుకి ఐదు తెచ్చుకుంటుంది, ఆ డప్పు కాచి చూపించిన మనిషికి దక్కిందేంటి? ఎవరి కష్టమో, ఎవరి అవమానమో మనం మళ్లీ మార్కుల కింద మార్చుకోవడం లేదా? పూర్తి జవాబు నా దగ్గర లేదు. రెండు పనులు మాత్రం చేస్తున్నాం. ఒకటి, ఆధారం అన్న చోట గూగుల్ అనో యూట్యూబ్ అనో రాస్తే మార్కు లేదు, చెప్పిన మనిషి పేరు, ఊరు రాయాలి, వాళ్లని అడిగి రాయాలి, వద్దంటే రాయకూడదు. రెండు, ప్రెజెంటేషన్ రోజు వాళ్లని బడికి పిలుస్తాం, ముందు వరసలో కుర్చీ వేస్తాం, తప్పు చెప్తే ఆపే హక్కు వాళ్లదే. ఆ ఒగ్గు కళాకారుడు వచ్చారు. పిల్లలు ఒగ్గు అంటే శివుడి డమరుకం అని నెట్లో చూసింది చెప్తుంటే, సంచిలోంచి డమరుకంలాంటి చిన్న జెగ్గు తీసి చేతిలో ఆడించి, "ఇగో, ఇదీ ఒగ్గు" అని పిల్లల చేతికే ఇచ్చారు. దారిఖర్చులు టీచర్లం కలిపి ఇచ్చాం. అది చాలదని నాకు తెలుసు.

బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారని, ఆ పుస్తకం 1958లో అచ్చయిందని పిల్లలకి చెప్పినప్పుడు, "మా అవ్వ పాటలు రాసుకుంటే డాక్టర్ ఐతరా?" అని కళ్లింత చేసుకున్నారు. అవుతారు. కానీ ఆ అవ్వ పేరు ఎక్కడ రాస్తావ్ అని కూడా ఇప్పటినుంచే అడగాలి.

మూడో ప్రశ్న ఈ ఏడాదే, క్లాసులోంచే వచ్చింది. ఇంట్లో లేనిదే చేయాలి అని రూల్ చెప్పగానే ఒకమ్మాయి లేచింది, బైండ్లోళ్ల ఇంటి పిల్ల. "మేడం, నేను మా ఇంటిదే చేస్త. మా నాయన జమిడిక వాయిస్తడు, ఎల్లమ్మ కథ చెప్తడు. వేరేటోళ్లు చెప్తే తప్పులు చెప్తరు, నాకు కోపమొస్తది." గొంతులో వణుకు లేదు, తల దించలేదు, చుట్టూ చూసింది కూడా, ఎవరైనా నవ్వుతారేమో అని కాదు, నవ్వి చూడండి అన్నట్టు.

ఇన్నేళ్లుగా నేను కాపాడుకొస్తున్న రూల్ అక్కడ ఆగిపోయింది. వద్దంటే నేను మళ్లీ అదే తప్పు ఇంకో దిక్కునుంచి చేసినట్టు. రూల్ మార్చాను. ఇంటిది చేయమని టీచర్ అడగకూడదు, పిల్లలు తమంతట తాము అడిగితే కాదనకూడదు. ఆ కొత్త మేడానికి కూడా ఇదే రాశాను, లిస్టు తీసేయమని, లేపి అడగొద్దని, మొదటి నిమిషం చప్పుడే ఉండాలని.

ఆ అమ్మాయి వంతు శుక్రవారం. వాళ్ల నాయన ఆ రోజు వేరే ఊళ్లో కథ ఒప్పుకున్నాడట, జమిడిక ఒక్కటే ఉంది ఇంట్లో, కాబట్టి గురువారం సాయంత్రం తెచ్చి బడిలో పెడుతుందట, పొద్దున్నే నాయన తీసుకుపోవాలంటే ముందే తను వాయించేయాలి, ప్రేయర్ కాకముందే చేయిస్తారా అనడిగింది. చేయిద్దాం అన్నాను. నరం చెమ్మకి సడలుతది, గోడకి ఆనించొద్దు, బీరువాలో పెట్టండి అని చెప్పి పోయింది. బీరువాలో పై అర ఖాళీ చేసి పెట్టాను.